నేను చూడని రెండో భాగం

గొడ్డలి పైకి లేచింది. దిగలేదు. తెర మీద అక్షరాలు పడ్డాయి: మిగతా కథ రెండో భాగంలో.

హౌరాలో ఆదివారం పొద్దుటి ఆట అది. ఆ రోజుల్లో తెలుగు సినిమా అంటే మాకు రెండు నెలలకోసారి దొరికే నాటుకోడి కూర. కలకత్తాలో ఖిదిర్‌పూర్ కార్పొరేషన్ క్వార్టర్ల నుంచి యాభై మందిమి బస్సు ఎక్కి, ఫెర్రీ దాటి, పిల్లల్ని చంకలో వేసుకుని వెళ్ళాం. కథ ఇద్దరన్నదమ్ములది. అన్న హార్బరులో లాంచీ నడుపుతాడు. తమ్ముడు కొండరాళ్ళు పేల్చే మందుగుండు మనిషి. ఆస్తి భాగాల దగ్గర చెడి, ఒకరి మొహం ఒకరు చూసుకుని ఏళ్ళు దాటాయి. ఆఖరికి నడిసముద్రంలో తమ్ముడు నీళ్ళలో కొట్టుకుంటున్నాడు. వాడి నడుముకి తాడు. తాడు రెండో కొస అన్న లాంచీకి. వెనక నుంచి దొంగలు లాంచీ ఎక్కుతున్నారు. అన్న గొడ్డలి ఎత్తాడు. తాడు నరుకుతాడా, దొంగని నరుకుతాడా? సరిగ్గా అక్కడ ఆపేశారు. వెనక వరసలోంచి ఒకాయన కోపం పట్టలేక చెప్పు తీసి తెర మీదికి విసిరాడు. అది తెర దాకా వెళ్ళలేదు. నా వీపు దాకా వెళ్ళింది.

ఆ రెండో భాగం ఆంధ్రాలో ఆడింది గాని మా వైపు రాలేదు. క్వార్టర్లలో అన్నం సయించనివాళ్ళున్నారు. తాడు నరికాడన్నవాళ్ళూ నరకలేదన్నవాళ్ళూ రెండు పార్టీలై, కుళాయి దగ్గర బిందెలు అడ్డం పెట్టుకునే దాకా వచ్చింది. ఆ సమయంలో నేను మా మేనత్త కూతురి పెళ్ళికి టెక్కలి వైపు బయల్దేరాను. అప్పటికి నాకు ఇరవై ఏడేళ్ళు. ఉద్యోగం మురుగునీటి పంపింగ్ స్టేషన్‌లో పంపు ఆపరేటరు. ఎనిమిది గంటలు పంపు తిరుగుతుంటే చూస్తూ కూర్చోవడమే పని కాబట్టి, ఆ కాలమంతా కథలు అల్లేవాణ్ణి. హుగ్లీలో మొసలి నా లుంగీ లాక్కుపోయిందని చెబితే నమ్మి, జాలిపడి కొత్త లుంగీ కొనిపెట్టినవాళ్ళున్నారు. రైలెక్కించడానికి వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట.

"రెండో బాగం సూసి రా. సూసొచ్చి సెప్పు."

నేను చూడలేదు. పెళ్ళింట్లో నాలుగు రోజులూ పేకాటలో ఉండిపోయాను. ఐదో రోజు హాలుకి వెళితే అక్కడ భక్తి సినిమా ఆడుతోంది. అయితేనేం, తిరుగు రైలు ఖరగ్‌పూర్ దాటేసరికి రెండో భాగం నా బుర్రలో తయారైపోయింది. హౌరాలో దిగేటప్పటికి దాన్ని మూడుసార్లు చూశానని నాకే నమ్మకం కుదిరింది.

నేను కథ చెప్పే పద్ధతి ఒకటుంది. ఈ గండమంతా దానివల్లే వచ్చింది. నేను హీరో అనను. సినిమా అనను. తెర మీద అనను. అన్న అంటాను, తమ్ముడు అంటాను. వాళ్ళింట్లో చాప మీద కూర్చుని మంచినీళ్ళు తాగి వచ్చినవాడిలా చెబుతాను. వినేవాళ్ళకి అది సినిమా అని తెలుసు కనక ఫరవాలేదు. తెలియనివాడొకడు వచ్చి కూర్చుంటాడని నేను కలగన్నానా?

పంపింగ్ స్టేషన్ వెనక పొడుగాటి సిమెంటు అరుగు ఉండేది. డ్యూటీలు దిగి, మొహాలు కడుక్కుని, సాయంత్రం అయిదున్నరకి అందరూ అక్కడ చేరేవారు. నేను ఇంకా పెట్టె దించకుండానే "రేపట్నించి మూడ్రోజులు రెండో బాగం సెప్తారట" అన్న కబురు బస్సెక్కి, ఫెర్రీ ఎక్కి, టికియాపారా రైల్వే బస్తీ దాకా వెళ్ళిపోయింది.

మొదటి రోజు అరుగు నిండిపోయింది. నేను గొంతు సవరించుకున్నాను. అన్న గొడ్డలి దించాడన్నాను. తాడూ నరకలేదు, దొంగనీ నరకలేదు. లాంచీ అడుగు నరికాడు. అందరూ నీళ్ళలో పడ్డారు. ఈలలు. అన్నదమ్ములిద్దరూ ఈదుకుంటూ ఒక దీవి మీదికి చేరారు. తమ్ముడు దగ్గుతూ లేచి, "నా భాగం ఏదీ?" అని అడిగాడు. అన్న నవ్వి, "సముద్రంలో ఉంది. మునిగి తెచ్చుకో" అన్నాడు.

ఈలలు మళ్ళీ మోగాయి. అప్పుడే చూశాను. అందరి వెనకా గోడకి ఆనుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. తలుపు తీసేసి ద్వారబంధంలో నిలబెడితే సరిపోయేంత మనిషి. నల్లటి నూనె మరకల ఖాకీ చొక్కా. భుజం మీద గోనె సంచి, అందులోంచి పొడుగాటి ఇనప ముక్క ఏదో తల బయట పెట్టింది. అందరూ నవ్వుతుంటే అతను నవ్వలేదు. "మునిగి తెచ్చుకో" అన్న మాట దగ్గర ఆ సంచి తీసి కింద పెట్టాడు. సిమెంటు మీద అది చేసిన చప్పుడు నాకు కడుపులో వినిపించింది.

జనం వెళ్ళాక దగ్గరికొచ్చాడు. గొంతు చాలా మెత్తన.

"బావూ, ఈ మాట ఆయన సెప్పమన్నాడా?"

"ఎవరు?"

"అన్న."

ఎవడో సినిమా పిచ్చోడు అనుకున్నాను. నా గొప్ప నాది. "ఆయన నోట్లోంచి ఎలా వచ్చిందో అలాగే చెప్పాను. ఇందులో ఒక్క అక్షరం నాది కాదు" అన్నాను.

అతను తల ఊపాడు. "అలగా. మునిగి తెచ్చుకోమన్నాడా." సంచి ఎత్తుకుని, "రేపు కూడా ఒస్తాను" అని వెళ్ళిపోయాడు.

ఇదంతా పక్కింటి అప్ప, అంటే మా వాడుకలో అక్క, గుమ్మంలోంచి చూస్తూనే ఉంది. తెల్లారకుండా వీధులూడ్చే ఉద్యోగం ఆవిడది. ఖిదిర్‌పూర్లో ఏ ఇంటి గుట్టయినా చీపురు కొసతో చెప్పగలదు. గబగబా వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది.

"ఒరే తమ్ముడా, ఆడెవడో ఎరుగుదువా?"

"ఎవరో అభిమాని."

"నీ తద్దినం అబిమాని. ఆడు మన లారీ డ్రైవరు తమ్ముడ్రా. తొమ్మిదేళ్ళయ్యింది ఆడీ గడప తొక్కి."

మూడో బ్లాకులో చెత్తలారీ డ్రైవరు ఉండేవాడు. నెమ్మదైన మనిషి, ఎవరి జోలికీ వచ్చేవాడు కాదు. అతని తండ్రి కార్పొరేషన్ ఉద్యోగంలో ఉండగానే పోయాడట. అలా పోతే ఒక కొడుక్కి ఉద్యోగం ఇస్తారు. ఒక్కడికే. ఇద్దరు కొడుకుల్లో పెద్దవాడు సంతకం పెట్టాడు. ఉద్యోగంతో పాటు క్వార్టరూ అతనికే వచ్చింది. అప్పుడు తమ్ముడితో అన్నాడట: "ఉజ్జోగం మొదటి బాగం, అది నాకు. ఎనక గది రెండో బాగం, అది నీకు. సర్ది కబురెడతాను, అందాకా ఎక్కడన్నా ఉండు." తమ్ముడు టికియాపారా వెళ్ళి రైలు యార్డులో పనికి కుదిరాడు. కబురు రాలేదు. రెండేళ్ళు చూసి వచ్చి, అన్న లారీ అద్దం బద్దలుకొట్టి, "రెండో బాగం మాటెత్తిన్రోజే నానీ గడప తొక్కుతాను" అని వెళ్ళిపోయాడు.

"ఇప్పుడు ఎవులో ఆడికి కబురెట్టీసారు," అంది అప్ప, "మీ అన్న కోటర్లలో రెండో బాగం సెప్తన్నారని."

"అది సినిమా కదా అప్పా."

"ఆడికేటి తెలుసు సినిమా? ఆడు జన్మలో హాలుకి ఎల్లినోడు కాడు."

నాకు అప్పుడు అర్థమైంది. మా వైపు అన్నదమ్ముల తగువు తీర్చేటప్పుడు పెద్దమనిషి ఏదీ తిన్నగా చెప్పడు. వాళ్ళ పేరెత్తడు. "అనగా ఒక ఇంట్లో ఇద్దరున్నారు" అని ఎవరి కథో చెప్పినట్టు చెబుతాడు. తగలాల్సినవాడికి తగులుతుంది, నలుగురిలో ఎవరి పరువూ పోదు. ఆ మనిషి నన్ను వాళ్ళన్న పెట్టిన పెద్దమనిషి అనుకున్నాడు.

"నన్నా?" అన్నాను. పెద్దమనిషి అన్న మాటకి ఒక్క క్షణం ఛాతీ ఉబ్బిన మాట నిజం. మరుక్షణం ఆ సంచి గుర్తొచ్చింది. "పోనీ వెళ్ళి ఉత్తుత్తి కథ అని చెప్పేస్తాను."

"సెప్పు. తొమ్మిదేళ్ళు కాసుకున్నోడితో ఎకసెక్కాలాడినోడివి నువ్వవుతావు. ఆ సంచీ తెచ్చేది ఆళ్ళన్న కోసం. నీ నెత్తి దార్లో ఉంటది."

పొద్దున్నే లారీ షెడ్డుకి పరిగెత్తాను. డ్రైవరన్న స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడు, ఇంజను వెయ్యలేదు. నేను చెప్పకముందే అడిగాడు.

"ఆడొచ్చాడంట కదా. సంచీ తెచ్చాడా?"

"తెచ్చాడు."

"పొడుగ్గా ఉందా?"

"ఉంది."

"రైలు పెట్టెలు బిగించే రెంచీరా అది." అద్దం వైపు చూశాడు. కొత్త అద్దమే, అయినా చూశాడు.

"గది ఇచ్చేస్తే పోదా అన్నా?"

"గదిలో కోళ్ళున్నాయిరా."

"కోళ్ళ కోసం నా ప్రాణం తీస్తావా?"

"కోళ్ళదేటుంది. ఏ మొహం ఎట్టుకుని ఎల్లి పిలిసీది?" కిటికీలోంచి వంగి నా చొక్కా పట్టుకున్నాడు. "ఇయ్యాల మెత్తగా సెప్పు. అన్న మంచోడని సెప్పు. నీ నోట్లో మంచి మాటలు శానా ఉంటాయి కదా."

రెండో రోజు సాయంత్రం నా నోట్లో తడి తప్ప అన్నీ ఉన్నాయి. అన్నని దేవుణ్ణి చేశాను. దీవిలో తమ్ముడికి జ్వరం వస్తే భుజాన వేసుకుని మూడు కొండలు ఎక్కించాను. తన చొక్కా చింపి కట్టు కట్టించాను. కొబ్బరికాయ పళ్ళతో ఒలిచి నీళ్ళు పోయించాను. గోడ దగ్గర ఆ మనిషి చేతులు కట్టుకుని వింటున్నాడు. మొహంలో ఏమీ తెలియడం లేదు. ఇటు అరుగు మీద జనానికి విసుగొచ్చింది.

"ఇదేటి, ఏడుపుగొట్టు కత? ఫైటింగులు నేవా?"

"మూడుసార్లు సూసేనన్నావు. ఆ మూడుసార్లూ నిద్దరోయేవా ఏటి?"

కథ చెప్పేవాడికి రోషం వస్తే ఒళ్ళు తెలియదు. ఎవరో అలా అనగానే నేను ఫైటింగు మొదలుపెట్టేశాను. దొంగలు కొండ మీది నుంచి బండలు దొర్లించారు, తమ్ముడు మందు పాతర పెట్టాడు, అన్న ఒక్క తన్ను తన్నాడు. ఎవర్ని తన్నాడని ఎవరో అడిగారు. "తమ్ముణ్ణి" అని నా నోరు అనేసింది. చప్పట్లు కొట్టారు. నేను గోడ వైపు చూశాను. చేతులు కట్టుకున్న మనిషి చేతులు విప్పాడు. కడుపు నొప్పి అని చెప్పి కథ ఆపేశాను. అది అబద్ధం కాదు, అప్పటికి నిజంగానే వచ్చింది.

అతను మళ్ళీ వచ్చాడు. నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. అలా కూర్చున్నా మా ఇద్దరి మొహాలూ సమానంగా ఉన్నాయి, నేను నిలబడి ఉన్నాను.

"రేపు ఆకరు కదా బావూ."

"అవును."

"కొండలూ కొబ్బరికాయలూ నాకొద్దు. ఆయన రెండో బాగం ఉందంటాడా, నేదంటాడా. ఆ ఒక్క ముక్క అడిగి తెచ్చి సెప్పండి. ఉందంటే సరే."

"లేదంటే?"

సంచి ఒక భుజం మీది నుంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు. "నేదంటే తవఁరితో నాకేటి పని? తిన్నగా ఆయింటికే ఎల్తాను."

ఆ మర్యాదకి నాకు చెమట పట్టింది. నాకు తెలిసిన రౌడీలందరూ అరిచేవాళ్ళే. అరిచేవాణ్ణి చూస్తే ఎటు పరిగెత్తాలో తెలుస్తుంది.

మూడో రోజు పగలంతా పంపు దగ్గర కూర్చుని దారులు వెతికాను. జ్వరం తెచ్చుకుందామా. ఇంకో పెళ్ళి పుట్టించి టెక్కలి పోదామా. ఆ రోజుల్లో కుళాయి తగువైనా మొగుడూ పెళ్ళాల తగువైనా పార్టీ ఆఫీసులోనే తీర్చేవారు, అక్కడికి వెళ్ళి దాదాల కాళ్ళు పట్టుకుందామా. పట్టుకుని ఏమని చెప్పను? నేను చూడని సినిమాలో అన్న గొడ్డలెత్తాడు, దానికి ఇక్కడ తమ్ముడు రెంచీ ఎత్తబోతున్నాడనా? బెంగాలీలో ఆ మాట ఎలా చెప్పాలో కూడా తోచలేదు. "ఉంది" అని ఒక్క మాట అనేద్దామంటే, రేపు ఆ మనిషి మంచం మోసుకుని వచ్చి తలుపు కొడితే లోపల కోళ్ళుంటాయి. అప్పుడు జరిగేదానికి కూడా నేనే పూచీ. డ్రైవరన్న కోసం రెండుసార్లు వెళ్ళాను. లారీ లేదు, మనిషి లేడు.

సాయంత్రం అరుగు మీద ఎప్పటికంటె ఎక్కువ జనం. గోడ దగ్గర అతను. సంచి ఈసారి భుజం మీద లేదు, చేతిలో ఉంది. శీతాకాలం, పెందరాళే మసకపడింది. నేను నోరు తెరవబోతుండగా కరెంటు పోయింది.

లోడ్‌షెడ్డింగ్ మాకు కొత్త కాదు. కాని ఆ పూట పంపులు ఆగిపోయిన తీరు ఇప్పటికీ చెవుల్లో ఉంది. రాత్రింబగళ్ళు తిరిగే చప్పుడు అది, మేం మాట్లాడే మాటలకి అడుగున ఎప్పుడూ ఉండేది. అది పోయేసరికి చెవుల్లో దూది పెట్టినట్టయింది. ఎదురుగా ఉన్న జనం మాయమయ్యారు. గోడ మాయమైంది. గోడ దగ్గరి మనిషి ఎక్కడున్నాడో తెలియలేదు. కనపడుతున్నంతసేపూ భయాన్ని ఎలాగో ఓర్చుకున్నాను. కనపడకపోయేసరికి నా వల్ల కాలేదు. నిజం చెప్పేయాలనిపించింది. నా జీవితంలో అలా అనిపించడం అదే మొదలు. రెండో భాగం లేదు, నేను చూడలేదు, ఇదంతా రైల్లో అల్లుకున్నాను, నన్ను వదిలెయ్యండి. ఇదీ చెప్పాలనుకున్న మాట.

"రెండో భాగం లేదు" అన్నాను.

మిగతాది రాలేదు.

చీకట్లో సిమెంటు మీద ఇనుము గీసుకున్న చప్పుడు. తరవాత అడుగులు. తొందర లేని అడుగులు. నా వైపు కాదు, మూడో బ్లాకు వైపు. అప్పుడు గాని నేనేమన్నానో నాకు తెలియలేదు. ఆపండి అని అరవబోయాను. రోజూ మొసళ్ళనీ లాంచీలనీ కక్కే నోరు, గాలి తప్ప ఏమీ కక్కలేదు. పక్కన అప్ప నా చెయ్యి గోళ్ళు దిగేలా పట్టుకుంది. అడుగులు లెక్కపెట్టడం తప్ప నాకేమీ చాత కాలేదు. ఆ ఇంట్లో డ్రైవరన్న భార్య పొయ్యి రాజేసుకుంటూ ఉంటుంది. ఆవిడకి ఏమీ తెలియదు.

"ఉంది."

దారి మధ్యలోంచి వచ్చింది ఆ మాట. అడుగులు ఆగాయి.

"ఉందిరా. రెండో బాగం ఉంది."

డ్రైవరన్న గొంతు. రెండు రోజుల నుంచీ పంపు గది పక్క సందులో నిలబడి వింటున్నాడట, నాకు తెలియదు.

అరుగు మీద జనానికి ఇదేమీ తెలియదు కదా. ఒక ముసలాయన అరిచాడు: "ఉంటే సెప్పు మరి. ఈడు నేదంటన్నాడు. నువ్వెక్కడ సూసేవు డ్రైవరూ?"

"కోళ్ళున్నాయి," అన్నాడు డ్రైవరన్న.

"కోళ్ళేటి? దీవిలోనా?"

"ఎనక గదిలో కోళ్ళున్నాయి. తీసెత్తాను." అతను ఎవరితో మాట్లాడుతున్నాడో అరుగు మీద చాలామందికి అప్పటికే తెలిసిపోయినట్టుంది, గుసగుసలు ఆగిపోయాయి. "కబురెడదామనే అనుకున్నాన్రా. మొదటేడు ఆలిస్యం అయిపోయింది. రెండో ఏడు సిగ్గేసింది. మరి నువ్వొచ్చి అద్దం కొట్టీసావు. ఆటినించి బయ్యమేసింది."

నేను ఊపిరి తీసుకోలేదు. తీసుకుంటే ఆ చప్పుడికి ఏమైనా జరుగుతుందేమో అనిపించింది.

"ఎన్ని కోళ్ళు?" అన్నాడు తమ్ముడు.

"ఆరు."

"గుడ్లెడతన్నాయా?"

"నాలుగెడతాయి. రెండు ఉత్తినే తింటాయి."

సంచిలో ఇనుము కదిలిన చప్పుడు.

"ఉండనీ," అన్నాడు తమ్ముడు. "మంచం పడితే సాలు."

ఎవరో లాంతరు పట్టుకొచ్చారు. ఆ వెలుగులో చూస్తే ఇద్దరూ బారెడు దూరంలో నిలబడి ఉన్నారు, ఒకరి వైపు ఒకరు చూసుకోవడం లేదు, ఇద్దరూ నేల చూస్తున్నారు. సంచి ఇంకా తమ్ముడి చేతిలోనే ఉంది. అన్న ఆ సంచి వైపు చూశాడు. ఇటివ్వు, నేను పట్టుకుంటాను, అన్నట్టు చెయ్యి చాపాడు. తమ్ముడు ఇవ్వలేదు. ఇవ్వకుండానే ముందుకి నడిచాడు. అన్న వెనక నడిచాడు.

అరుగు మీద ముసలాయన దులుపుకుంటూ లేచాడు. "గొడ్డలెత్తినోడు ఆకరికి కోళ్ళ కత సెప్పడమేటి? మొదటి బాగమే నయం" అంటూ వెళ్ళిపోయాడు.

నా పని అయిపోయిందనుకున్నాను. కాలేదు. నాలుగడుగులు వేసిన తమ్ముడు ఆగి, వెనక్కి తిరిగి, నా దగ్గరికి వచ్చాడు. నేను ఇంకా అరుగు మీదే ఉన్నాను. నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ బరువుకి అరుగు కుంగిందని చెబితే మీరు నమ్మరు.

"ఆయన ఉందన్నాడు," అన్నాడు అదే మెత్తటి గొంతుతో. "తవఁరు నేదన్నారు."

నేను తల దించుకున్నాను.

"మాట మోసీటప్పుడు సరిగ్గా ఇని మొయ్యాల బావూ. నానిప్పుడు ఆ దారంట ఎల్లిపోబోయాను కదా. ఎల్లిపోయుంటే ఏటయ్యేది?"

"తప్పయిపోయింది," అన్నాను.

అతను ఇంకా కాసేపు నా మొహంలోకి చూశాడు. లాంతరు అతని వెనక ఉంది, నాకు అతని మొహం కనిపించలేదు. తరవాత చెయ్యి తీసి వెళ్ళిపోయాడు. మూడో బ్లాకులో తలుపు తెరుచుకుంది. డ్రైవరన్న భార్య "ఓలమ్మ" అని ఒక్క కేక పెట్టి ఊరుకుంది. ఆ తరవాత ఆరు కోళ్ళు ఒక్కసారి అరిచాయి, చీకట్లో ఎవరో వాటిని పట్టుకుంటున్నారు. కరెంటు వచ్చింది. రాత్రి డ్యూటీవాడు ఇంకా రాలేదు, పంపులు వెయ్యాల్సినవాణ్ణి నేనే. అప్ప రెండు చేతులూ పట్టి లేపితే, గోడ పట్టుకుని స్విచ్చి దాకా వెళ్ళాను.